ఆపడం నాకొదిలెయ్యండి

మొన్న రావులపాలెంలో అమలాపురం బస్సెక్కితే పక్క సీట్లో ఒకాయన ఫోనుతో కుస్తీ పడుతున్నారు. నొక్కుతారు, చూస్తారు, నిట్టూరుస్తారు. చివరికి "అమ్మయ్య, ఆగిపోయాయండీ" అన్నారు.

ఎవరైనా ఏదైనా ఆగిపోయిందంటే అడక్కుండా ఉండలేను. ముప్పై ఏళ్లుగా కొత్తపేటలో మోటార్లు బాగుచేసుకు బతుకుతున్నవాణ్ణి. ఏమిటి ఆగిపోయాయని అడిగాను.

"మిషన్లండీ. కంప్యూటర్లే అనుకోండి. హైదరాబాదు అవతల ఓ షెడ్డులో పెట్టేను. తెర మీద లెక్కే తప్ప చేతికి దొరకని నాణేలు తయారుచేస్తాయవి. ఎండకి కుతకుతలాడిపోతున్నాయని ఇక్కణ్ణించే కట్టేసేను."

"షెడ్డులో ఎవరుంటారండీ?"

"ఎవరూ ఉండరు. ఎందుకండీ మనిషి?"

"మరి ఆగినట్టు మీకెవరు చెబుతారు?"

"ఫోనే చెబుతుందండీ" అని తెర నా మొహం ముందు పెట్టారు. పచ్చచుక్కలన్నీ ఎర్రచుక్కలైపోయి ఉన్నాయి. బావుందండీ అన్నాను. అన్నానే గాని నా మనసు బస్సు దిగిపోయి ఏటిగట్టు మీదకి వెళ్లిపోయింది. అక్కడ మా అత్తయ్యగారు ఉండేవారు. ఆవిడకి గనక ఈ జవాబు చెబితే, "అదేంటండీ, అవతల మనిషి చెప్పకుండా ఆగినట్టెలా అవుతుందీ?" అని ఉండేవారు.

అత్తయ్యగారంటే నాకు అత్తగారేం కారు. ఊరందరికీ అత్తయ్యగారే. పేరు ఉండేది గాని అది రేషన్ కార్డులో తప్ప ఎక్కడా కనపడేది కాదు. నేనూ ఇక్కడ చెప్పను, చెబితే ఇంకెవరో అనిపిస్తుంది. భర్త ముందే పోయారు, పిల్లల్లేరు. కొత్తపేటకి కాస్త దూరంలో గోదావరి గట్టు మీద ఇల్లు. పొలం మాత్రం గట్టు దిగి, పాయ దాటితే వచ్చే లంకలో. కొబ్బరి, మధ్యలో అరటి. పొట్టి మనిషి. ఎండలో గట్టు మీద వస్తుంటే గొడుగు ఒక్కటే నడిచొస్తున్నట్టుండేది.

ఆవిడకి ఆపడంలో గొప్ప నేర్పు. ఎవరైనా ఏదైనా మొదలుపెట్టనిచ్చేవారు, తగిన సమయానికి ఆపేవారు. సంతర్పణలో వడ్డించేవాడి గరిటె ఇంకా పైనుండగానే విస్తరి మీద చెయ్యి పెట్టేసేవారు. రేవులో ఆడవాళ్లు బిందెల దగ్గర మాటామాటా అనుకుంటుంటే, గొడుగు కింద నుంచి "ఇంక చాలండీ" అనేవారు. గట్టిగా కూడా కాదు. రెండువైపులూ చల్లబడిపోయేవి. టీవీలో సీరియల్ చూస్తూ, అత్తాకోడళ్లు కళ్లెర్రజేసుకోగానే కట్టించేసేవారు. "పాపం వాళ్లకీ కాస్త విశ్రాంతుండాలి కదండీ" అని కారణం. కథ చెబితే సగంలో ఆపేసేవారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "తర్వాతేమైందో చెప్పండత్తయ్యగారూ" అని విసుక్కుంటే, "చాల్లెండి, మిగతాది మీరే అనుకోండి. మీరనుకున్నదే బావుంటుంది" అనేవారు. అలా నా దగ్గర ఆవిడ సగం కథలు బోలెడున్నాయి.

"మొదలెట్టడం ఎవరైనా మొదలెడతారండీ. ఆపడం నాకొదిలెయ్యండి." ఇదీ ఆవిడ మాట.

ఆ మాట మొదటిసారి విన్నది మోటారు దగ్గరే. కొత్తగా షాపు పెట్టుకున్న రోజులు. ఆవిడ మోటారు మొరాయిస్తోందంటే పడవలో లంకకి వెళ్లాను. షెడ్డు పక్కనే చిన్న ఇల్లు. అందులో సుందరమ్మ. అత్తయ్యగారి తోటకి కాపలా అన్నా, చాకిరీ అన్నా, పెత్తనం అన్నా ఆవిడే. మోటారు బాగుచేసి వేయమన్నాను. వేసింది. నీళ్లు దూకాయి. సరిపోయింది, ఇంక ఆపమన్నాను. ఆపలేదు.

"అమ్మగారు చెప్పాలండి" అంది.

"అమ్మగారు ఏటికి అవతలున్నారు కదా!"

"ఆయ్, చెబుతారండి" అని నీళ్లలోకి రెండు మెట్లు దిగి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని గట్టు వైపు చూస్తూ నిలబడింది. నాకు ఒళ్లు మండింది. పడవ వాడు వెళ్లిపోతానంటున్నాడు. ఇంతలో అవతలి గట్టు మీద కొబ్బరికాయలు కోసే దోటి ఒకటి పైకి లేచింది. దాని కొసకి ఎర్ర తువ్వాలు. సుందరమ్మ వెనక్కి వచ్చి మోటారు ఆపింది. చూరులోంచి కర్ర లాగి, దానికి కట్టిన తెల్లగుడ్డ ఎత్తి రెండుసార్లు ఊపింది. అవతల ఎర్ర తువ్వాలు దిగింది.

తిరిగొచ్చాక ఈ నాటకమంతా ఎందుకని అడిగితే అత్తయ్యగారు నవ్వారు. లంక మొత్తానికి ఒకటే చిన్న ట్రాన్స్‌ఫార్మరు. మోటార్లన్నీ కలిసి తిరిగితే ఫ్యూజు పోతుంది, పోతే వేసే నాథుడు ఎప్పుడొస్తాడో తెలీదు. అందుకని రైతులు వంతులు పెట్టుకున్నారు. రైతులందరూ ఉండేది గట్టు మీద, మోటార్లుండేవి లంకలో. ఎవరి వంతు ఎప్పుడు అయిపోతుందో గట్టు మీద వాళ్లు అనుకుంటారు, లంకలో మనిషికి కబురందాలి. మిగతావాళ్లు కేకలూ ఈలలూ వేసి, చివరికి పడవ పంపేవారు. ఈవిడది తువ్వాలు.

"మన వంతు అయిపోకముందే ఆపితే మర్యాదండీ. అయిపోయాక ఆపితే తగువు" అన్నారు. నిజంగానే ఎప్పుడూ కాస్త ముందే ఆపించేవారు. తెల్లగుడ్డ కనపడగానే ఏటి వైపు చూసి, "ఆయ్, కనిపించిందండీ" అనేవారు. ఎవరితో అంటారు? అంత దూరం ఆ మాట వినపడదు. ఒకసారి ఆ మాటే అన్నాను. "వినపడకపోతే మర్యాద తప్పుతామా ఏంటండీ?" అన్నారు.

ఇంకోటి చెప్పాలి. సుందరమ్మని ఆవిడ "సుందరమ్మగారు" అనేవారు, మీరు అనేవారు. తన దగ్గర పనిచేసే మనిషిని అలా అనడం ఆ రోజుల్లో గట్టు మీద కొందరికి మింగుడుపడేది కాదు. ఆవిడ ముందు ఎవరైనా "సుందరమ్మ ఏదే?" అంటే, "సుందరమ్మగారు లంకలో ఉన్నారండీ" అని నిదానంగా దిద్దేవారు. నేను ఇప్పుడు కూడా సుందరమ్మ అనే రాస్తున్నాను, అత్తయ్యగారు ఉంటే నన్నూ దిద్దుదురు.

అలా పదిహేనేళ్లు పైనే నడిచింది. అప్పటికి సెల్‌ఫోన్లు వచ్చాయి, అందరి జేబుల్లోకీ వచ్చాయి. మిస్డ్ కాల్ ఇస్తే పడవ వస్తుంది, మిస్డ్ కాల్ ఇస్తే పాలు వస్తాయి. తువ్వాలు మాత్రం అలాగే లేస్తోంది. ఒక వేసవిలో అత్తయ్యగారి మోటారు ఆగలేదు. తువ్వాలు లేచింది, ఊగింది, మోటారు తిరుగుతూనే ఉంది. తర్వాతి వంతు ఆయన కూడా వేశాడు, ఆ పై ఆయనా వేశాడు. ఫ్యూజు ఢామ్మంది. మర్నాడు మళ్లీ అంతే. మూడోసారికి లంకలో అరటి నీళ్లు లేక తల వేలాడేసింది.

రైతులు నలుగురు ఆవిడ వీధిగుమ్మంలో కూర్చున్నారు. ఫ్యూజు వేయడానికి పిలిస్తే వెళ్లి, నేనూ అక్కడే ఉన్నాను.

"సుందరమ్మకి చూపు ఆనట్లేదత్తయ్యగారూ. మనిషిని మార్చెయ్యండి. మీ మర్యాదకి మా తోటలు ఎండిపోతన్నాయ్" అన్నారు ఒకాయన.

ఆ మాట నిజమే. కంటి నరం దెబ్బతిందట. దగ్గరున్నది మసకగా తెలుస్తుంది, దూరం పోయింది. ఆపరేషనుతో వచ్చేది కాదని కాకినాడ డాక్టరు అప్పటికే చెప్పారట. ఆ సంగతి సుందరమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే లంకలో ఇల్లు పోతుంది. భర్తా కొడుకూ పోయాక ఆ షెడ్డు పక్కనే మనవరాల్ని పెంచుకుంది. పోవడానికి ఆవిడకి ఇంకో చోటు లేదు.

"ఈ వారం వంతు మీరు తీసుకోండి. వచ్చే వారానికి ఆగకపోతే నన్నే మార్చెయ్యండి. ఇంక చాలండీ" అన్నారు అత్తయ్యగారు. వాళ్లు లేచారు.

నన్ను మాత్రం కూర్చోమన్నారు. "అబ్బాయిగారూ, ఫోను చేస్తే మోటారు ఆగే ఏర్పాటేదో ఉందటగా?"

ఉందన్నాను. అప్పుడప్పుడే కొందరు అలాంటివి కట్టుకుంటున్నారు. పాత ఫోను ఒకటి స్టార్టరు పెట్టెలో పెట్టి తీగలు కలిపితే, అది మోగినప్పుడల్లా తిరిగే మోటారు ఆగుతుంది, ఆగిన మోటారు తిరుగుతుంది.

"పెట్టండి. కానీ సుందరమ్మగారికి తెలీకూడదు."

"తెలీకుండా ఎలాగండీ? తను ఆపకుండా ఆగిపోతే తెలీదా?"

"కరెంటు పోయి ఆగిందనుకుంటారు, ఇంకోటనుకుంటారు. ఏదో ఒకటి అనుకోనివ్వండి. చూపు పోయిందని నేను గ్రహించినట్టు మాత్రం తెలీకూడదు. రేపు తలెత్తి నాతో మాట్లాడలేరావిడ."

నాకు ఇలాంటి వంకర పనులు నచ్చవు. ఉన్నదేదో చెప్పేస్తే పోదా అన్నాను. "చెప్పేస్తే పోతుందండీ. ఆ పోయేదే నాకు కావాలి" అన్నారు. వెళ్లి పెట్టాను. పెట్టెలో రిపేరు అని చెప్పాను. సుందరమ్మ పక్కనే నిలబడి ఆలకించింది, ఏమీ అడగలేదు.

తర్వాతి వారం ఆవిడ వంతు వచ్చిన సాయంత్రం గట్టు మీద అత్తయ్యగారు దోటి ఎత్తారు. తువ్వాలు ఎగిరింది. కాసేపు అలా నిలిపి ఉంచి, కొంగు చాటున ఫోను నొక్కారు. అవతల మోటారు ఆగింది. మేమిద్దరం అటే చూస్తున్నాం. నీడలాంటి మనిషి ఇంట్లోంచి వచ్చింది. చూరు తడిమింది. తెల్లగుడ్డ లేచి రెండుసార్లు ఊగింది.

"ఆయ్, కనిపించిందండీ" అన్నారు అత్తయ్యగారు. మొహం వెలిగిపోతోంది.

అప్పట్నుంచీ మళ్లీ మామూలే. మోటారు వేసేది సుందరమ్మ. ఫోనుతో వేయడానికి కూడా వీలుంది గాని అత్తయ్యగారు ఒక్కనాడూ వేయలేదు. అది అవతలి మనిషి పని. తువ్వాలు లేవకుండా ఫోను నొక్కడం కూడా లేదు. వర్షం పడుతున్నా గొడుగు ఒక చేత్తో, దోటి ఒక చేత్తో పట్టుకుని గట్టెక్కేవారు. "ఎవరికి కనపడాలనండీ ఈ అవస్థ?" అని నేను సణిగితే దోటి ఇంకాస్త పైకెత్తేవారు.

ఇక పెళ్లి సంగతి. సుందరమ్మ మనవరాలి పెళ్లి కుదిరింది. పెళ్లి గట్టు మీద చర్చిలో, విందు లంకలో. శుభలేఖ పని అత్తయ్యగారు నెత్తినేసుకున్నారు. పిలిచేవాళ్లందరి పేర్లూ వేసి, పేరు కింద ఫోను నంబరు వేయడం అప్పుడు కొత్త మోజు. పెదనాన్న కింద నంబరు, మేనమామ కింద నంబరు, చివరికి ఎవరో దుబాయ్ బాబాయి కింద కూడా నంబరు. సుందరమ్మకి ఫోను లేదు. అందరి కిందా ఉండి మామ్మ కింద ఖాళీగా ఉంటే చిన్నతనం కాదూ? అత్తయ్యగారు ఆలోచించి, షెడ్డులో ఉన్న ఫోను సుందరమ్మగారిదే కదా అనుకుని, ఆ నంబరు వేయించేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

విందు రోజు షెడ్డు ముందు పందిరి. ఆ రోజు ఎవరూ నీళ్లు పెట్టరు కదా అని, మోటారు నీళ్లు పారే బోదెని మట్టితో కప్పేసి దాని మీదే చాపలు పరిచారు. మొదటి బంతి కూర్చుంది. కోడికూర వడ్డన సగమైంది. మోటారు భుర్రుమంది. కళ్లు మూసి తెరిచేలోగా విస్తళ్ల కిందకి నీళ్లొచ్చేశాయి. మగపెళ్లివారి పెద్దాయన విస్తరి పట్టుకుని లేచిపోయారు.

"మోటారెవరేసేరు!"

"నేనేనండి, పొరపాటున తగిలింది. ఆపేత్తన్నాను" అంటూ సుందరమ్మ షెడ్డు వైపు తడుముకుంటూ పరిగెత్తింది. అవతలి కొసన కూర్చున్న అత్తయ్యగారి చెయ్యి కొంగు చాటుకి వెళ్లింది. సుందరమ్మ చెయ్యి స్టార్టరు మీద పడకముందే మోటారు ఆగింది. అందరూ మళ్లీ కూర్చున్నారు. గరిటె లేచింది. భుర్రుమంది మళ్లీ. ఈసారి సుందరమ్మే ఆపింది. అదే క్షణంలో అత్తయ్యగారూ నొక్కినట్టున్నారు, మళ్లీ తిరిగింది. నేను "లోడు ఎక్కువై స్టార్టరు కొట్టుకుంటోందండీ" అని నోటికొచ్చింది చెబుతూ పరిగెత్తుతుంటే, పెళ్లికూతురి మేనమామ ఫోను చెవిన పెట్టుకుని అడ్డం వచ్చారు.

"రేవులో మావాళ్లు దిగేరంటండీ, పడవకోసం చేత్తన్నారంట. మామ్మగారు ఎత్తట్లేదంట. నేనూ చేత్తన్నాను చూడండి, ఎత్తట్లేదు."

ఆయన చేసేసరికి మోటారు ఆగింది. ఆయన చేతిలో శుభలేఖ లాక్కుని చూశాను. సుందరమ్మ పేరు కింద నేను పెట్టిన నంబరే. గట్టు వైపు రేవులో చుట్టాలంతా ఒకరి తర్వాత ఒకరు మా మోటారుకి పెళ్లి కబుర్లు చెబుతున్నారన్నమాట! నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

షెడ్డులోకి దూరి పెట్టె తెరిచి ఫోను తీగ పట్టుకున్నాను. వెనక సుందరమ్మ గొంతు వినపడింది.

"బాబుగారూ, అది పీకేత్తే రేపు అమ్మగారు ఎలా ఆపుతారండి?"

నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. "మీకు తెలుసా?"

"ఆగే ముందు పెట్టెలో బుర్రుమని మోగుతాది కదండి. కళ్లు పోయేయి గాని చెవులున్నాయి." గొంతు తగ్గించింది. "నాకు తెలుసని అమ్మగారికి చెప్పకండేం. నాకు తెలీదనుకుని ఆవిడ నిశ్చింతగా ఉన్నారు. ఆ నిశ్చింత పాడుచెయ్యకండి బాబూ."

పందిట్లో మళ్లీ నవ్వులు మొదలయ్యాయి. తీగ విప్పేసి, రేపు వచ్చి కలుపుతానన్నాను.

పడవలో తిరిగొస్తుంటే అత్తయ్యగారు తడిసిన కుచ్చెళ్లు పిండుకుంటూ అడిగారు. "షెడ్డులో సుందరమ్మగారు ఏమన్నారండీ?"

"ఏమీ అనలేదండీ."

"ఆవిడకి గానీ తెలిసిపోయిందంటారా..."

నేను నోరు తెరిచాను. ఆవిడ విస్తరి మీద పెట్టినట్టు నా వైపు చెయ్యి అడ్డం పెట్టారు. "ఇంక చాలండీ. మిగతాది నేనే అనుకుంటాను."

ఆవిడ ఏమనుకున్నారో నాకు ఈనాటికీ తెలీదు. మర్నాడు వెళ్లి ఫోను మళ్లీ కలిపాను. ఆవిడ నంబరుకీ, రిపేరు అవసరానికి నా నంబరుకీ తప్ప ఇంకెవరు చేసినా మోగకుండా సర్దాను. గట్టు మీద తువ్వాలు, లంకలో తెల్లగుడ్డ యథాప్రకారం లేచాయి. ఒకరిని ఒకరు అంత సంతోషంగా మోసం చేసుకున్న మనుషుల్ని నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లకి అత్తయ్యగారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. ఏదో కథ సగం చెప్పి ఆపేసినట్టే పోయారు. నాకు చాలా బాధేసింది. కొన్నాళ్లు ఆ గట్టు మీదకి వెళ్లలేదు.

కర్మకాండ అయ్యాక ఆవిడ మేనల్లుడు నా షాపుకి వచ్చారు. అమలాపురంలో కొబ్బరి వ్యాపారం, తోట ఆయనకి వచ్చింది. మంచి మనిషే. "ఏవండీ, లంక మోటారుకి ఫోను స్టార్టరు పెట్టాలి. ఇక్కణ్ణించే వేసుకుని ఆపుకుంటాను. అక్కడో ముసలావిడున్నారు, కళ్లు కూడా సరిగా కనపడవని విన్నాను. స్టార్టరుంటే ఆవిడ అక్కర్లేదు కదా?"

స్టార్టరు అమ్ముకునేవాణ్ణి. అయినా సరేననలేదు. "ఒకసారి మోటారు చూద్దాం రండి" అని గట్టు మీదకి తీసుకెళ్లాను.

ఆ పూట వంతు వాళ్లదే. అవతల మోటారు తిరుగుతోంది. అత్తయ్యగారి వీధి చూరులో దోటి అలాగే ఉంది, తువ్వాలు కాస్త వెలిసింది. తీసుకుని ఎత్తాను.

"అదేంటండీ?" అన్నారు మేనల్లుడు.

"ఆపమని చెప్పడమండీ. మీ అత్తయ్యగారి పద్ధతి."

"అంత దూరం ఆవిడకి కనపడుద్దా?"

"చూడండి మరి" అని, తువ్వాలు కాసేపు అలాగే నిలిపి, రెండో చెయ్యి జేబులో పెట్టాను. ఫోను మీద అంకె తడిమి నొక్కాను.

మోటారు ఆగింది. ఏరు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

అవతల సుందరమ్మకి తెలుసు, అమ్మగారు లేరని. చివరిచూపుకి పడవలో వచ్చి, పాదాలు పట్టుకుని ఏడ్చి వెళ్లింది. ఇప్పుడు మోగింది ఎవరని అనుకుంటుంది? ఏమనుకుంటే చేతిలోకి కర్ర తీసుకుంటుంది?

కాసేపు ఏమీ కదల్లేదు. మేనల్లుడు నా వైపు చూశారు.

ఇంటి చూరు కింద మనిషి కదిలింది. నీళ్ల వైపు రెండు మెట్లు దిగింది. తెల్లగుడ్డ లేచింది. ఎప్పటిలాగే రెండుసార్లు ఊగింది.

"అబ్బో! ఇంత శుభ్రంగా జరుగుతుంటే ఫోనెందుకండీ?" అన్నారు మేనల్లుడు. "ఆవిణ్ణి ఉండనివ్వండి. ఎవరన్నారు కళ్లు కనపడవని?"

నాకు కళ్ల నిండా నీళ్లు. దోటి దించి, ఏటి వైపు తిరిగాను. అంత దూరం వినపడదని తెలుసు.

"ఆయ్, కనిపించిందండీ, సుందరమ్మగారూ" అన్నాను.